లాటిన్ పాటలున్న పాత చర్మపత్రం ఒకటి ఇంట్లో ఉంది: ఇది ఏ పుస్తకంలోదో తెలుసుకోవడం ఎలా?

మారేడ్‌పల్లి పాఠకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా మేనమామగారు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మిలాన్‌లో ఉండి, 1970లలో సికింద్రాబాదుకు తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొన్న ఒక పెద్ద పత్రాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆయన కాలం చేశాక అది మా ఇంటికి చేరింది. అద్దం వేసి పటం కట్టి ఉండడం వల్ల దాన్ని గోడకు తగిలించిన అలంకారంగానే చూస్తూ వచ్చాం. మొన్నటి వానల్లో గోడ చెమ్మకు పటం వెనకున్న అట్ట ఉబ్బిపోతే విప్పించాల్సి వచ్చింది; రెండో వైపున కూడా అంతే నిండుగా రాత ఉందని అప్పుడు గాని మాకు తెలియలేదు.

పత్రం కాగితం కాదు, చర్మమే. ఎత్తు 50 సెంటీమీటర్లు దాటుతుంది, వెడల్పు 35 దాకా ఉంటుంది. పైనుంచి కిందిదాకా నాలుగేసి ఎర్ర గీతల వరసలు, వాటి మీద నల్లటి చదరపు స్వర చిహ్నాలు, ప్రతి వరస కింద గుండ్రంగా లావుగా రాసిన లాటిన్ అక్షరాలు ఉన్నాయి. ఒక వైపు నీలం రంగుతో ‘డి’ అనే పెద్ద అక్షరం ఉంది, దాని చుట్టూ ఎర్ర సిరాతో వెంట్రుకంత సన్నని తీగల అల్లిక ఉంది. మనుషుల బొమ్మలు లేవు, బంగారమూ కనిపించదు. ఆ అక్షరంతో మొదలైన వాక్యాన్ని కూడబలుక్కుని చదివితే ‘దోమినుస్ ఇల్లుమినాత్సియో మేయా’ అని వస్తోంది.

ఇది నిజంగా మధ్యయుగపు రాతప్రతేనా, తరువాతి కాలంలో అచ్చువేసిన నకలా అన్నది నా మొదటి సందేహం. నిజమైనదే అయితే ఏ పుస్తకంలోది, ఆ పుస్తకం నుంచి ఒక్క ఆకు మాత్రం ఎందుకు విడిపోయింది, మళ్లీ పటం కట్టించవచ్చా అన్నవి మిగతావి. అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి ధర గురించి అడగడం లేదు.

తార్నాక తాళపత్రం (జవాబు):

నమస్కారమండీ. నా పని ఎక్కువగా తాటాకు ప్రతులతోనూ పాత కాగితపు ప్రతులతోనూ సాగుతుంది. చర్మపత్రాలు మన దగ్గర అరుదే గాని, శిక్షణలో భాగంగా కొన్నిటిని చేతులతో పట్టుకుని చూశాను. మీ మొదటి సందేహం తీర్చుకోవడానికి ప్రయోగశాల అక్కర లేదు. పగటి వెలుతురు, నగలవాళ్లు వాడే భూతద్దం ఉంటే చాలు.

ముందుగా నీలం అక్షరం అంచును భూతద్దంలో చూడండి. అచ్చు నకలైతే రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. 19వ శతాబ్దపు రంగుల రాతి అచ్చులోనూ ఆ చుక్కల పొడ కనిపిస్తుంది. చేత్తో వేసినదైతే రంగు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉండి, కలం ఆగి మళ్లీ ఎత్తుకున్న చోటు తెలుస్తుంది. ఎర్ర తీగల అల్లికలో ఈ తేడా మరీ స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే రాయసగాడు కలాన్ని సిరాలో ముంచిన ప్రతిసారీ గీత ముదురుగా మొదలై క్రమంగా లేతబడుతుంది.

తరువాత పత్రాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి రెండు వైపులూ పోల్చండి. దూడ, మేక, గొర్రె చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగలాగి కట్టి, అర్ధచంద్రాకారపు కత్తితో పలచబరుస్తూ ఆరబెడితే పార్చ్‌మెంట్ తయారవుతుంది. ఎంత గీకినా వెంట్రుకలున్న వైపు కాస్త పసుపుగా, నున్నగా ఉండి రోమకూపాల చుక్కలు అక్కడక్కడా మిగులుతాయి. మాంసం వైపు తెల్లగా, మెత్తగా ఉంటుంది. మాంసం వైపు సిరా పెచ్చులుగా రాలిపోవడం పెద్ద పాటల పుస్తకాల్లో తరచూ చూస్తాం. మీ పత్రంలో ఒక వైపు రాత చెక్కు చెదరకుండా, రెండో వైపు అరిగిపోయి ఉంటే కారణం అదే. అంచుల్లో సూదితో పొడిచినట్టు వరసగా సన్నని రంధ్రాలు ఉన్నాయేమో కూడా చూడండి. గీతలు తిన్నగా రావడానికి ముందే అలా గుర్తులు పెట్టుకునేవారు.

నల్ల సిరా సింధూర (ఓక్) వృక్షం మీద పుట్టే కాయల్లాంటి గాల్ బుడిపెలను నానబెట్టిన కషాయానికి ఇనుపగంధకితం, తుమ్మజిగురు చేర్చి చేసినది. అది కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. నీలం విషయం చూపుతో తేల్చలేం: అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్దం అనే నీలి రాయి కావచ్చు, దానికంటే చవకైన అజురైట్ అనే రాగి ఖనిజం కావచ్చు. ఇలాంటి మామూలు అక్షరానికి రెండోదే వాడి ఉండడానికి అవకాశం ఎక్కువ.

దొంగ ప్రతి అనే భయం మీకు అంతగా అక్కర లేదని నా అభిప్రాయం. బొమ్మ లేకపోవడమే మీకు భరోసా. నకిలీలు చేసేవాళ్లు రాజులనూ రాణులనూ కోటలనూ చిత్రిస్తారు గాని, ఒక మామూలు ఆదివారపు పాటను బొమ్మల్లేని అక్షరాలతో రాసి ఎవరికి అమ్ముతారు? 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో పనిచేసిన ఒక నకిలీ చిత్రకారుణ్ణి పండితులు ‘స్పానిష్ ఫోర్జర్’ అని పిలుస్తారు. అసలు పేరు నేటికీ బయటపడలేదు. అతడు అసలైన పాత పార్చ్‌మెంట్ మీదనే, కొన్నిసార్లు పాటల పుస్తకాల ఆకుల మీద రాత గీకేసి, తియ్యటి ముఖాలతో బొమ్మలు వేసేవాడు. న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయానికి చెందిన బెల్ డా కోస్టా గ్రీన్ 1930లో ఆ చేతిని వేరుగా గుర్తించింది. ఆ తరువాత రంగులను పరీక్షిస్తే మధ్యయుగంలో లేని, రాగీ ఆర్సెనిక్ కలిసిన ఆకుపచ్చ కూడా దొరికింది. చర్మం పాతదైనంత మాత్రాన దాని మీది బొమ్మ పాతది కానక్కర లేదన్న సంగతి మీకు కాకపోయినా ఈ చర్చ చదివే మరొకరికి పనికివస్తుంది.

గన్‌ఫౌండ్రీ గాయకురాలు (జవాబు):

పత్రం అసలైనదా అన్న విషయం పైవారు చెప్పారు కాబట్టి నేను రాత దగ్గరికి వస్తాను. చాలామంది రంగులు చూసి ఆగిపోతారు గాని, ఇలాంటి ఆకు విషయంలో అసలు సాక్ష్యం పాటలో ఉంటుంది.

మీరు చదివిన మాటలు మన తెలుగు బైబిల్లో 27వ కీర్తన మొదటి వచనం. ప్రభువే నాకు వెలుగూ రక్షణా అయినప్పుడు నేను ఎవరికి భయపడాలి అని దావీదు పాడిన కీర్తన మన గుళ్లలో కంఠతా వచ్చినదే. పాత లాటిన్ బైబిల్లో కీర్తనల లెక్క ఒకటి తగ్గి నడుస్తుంది కాబట్టి దాన్ని మీరు వెతికేటప్పుడు 26వ కీర్తనగా చూడాలి. రోమన్ ఆరాధన క్రమంలో ఇదే వచనం పెంతెకోస్తు (ఈస్టర్ తరువాత యాభయ్యో రోజు పండుగ) తరువాత నాలుగో ఆదివారపు దివ్యబలిపూజకు ప్రవేశగీతం. గురువు, అంటే పూజ జరిపే పాదిరి, బలిపీఠం దగ్గరికి నడిచి వస్తుండగా గాయక బృందం పాడే పాట అన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పూజలో పాడే పాటల పుస్తకాన్ని గ్రాడ్యువల్ అంటారు. మఠాల్లోనూ పెద్ద దేవాలయాల్లోనూ రేయింబవళ్లు వేళల ప్రకారం చేసే ప్రార్థనల పాటలు ఉన్నది ఆంటిఫోనరీ. గురువు చదివే ప్రార్థనలతో కూడినది మిస్సల్, వేళల ప్రార్థనల పాఠమంతా ఉన్నది బ్రేవియరీ. ఒకే కీర్తన వచనం గ్రాడ్యువల్లోనూ ఉండవచ్చు, ఆంటిఫోనరీలోనూ ఉండవచ్చు, స్వరం మాత్రం వేరుగా ఉంటుంది. అందువల్ల మొదటి మాటలు పోల్చుకోగానే సంబరపడకుండా ఆ పాట తరువాత ఏముందో చూడాలి. ప్రవేశగీతమే అయితే దాని వెంట ఒక కీర్తన చరణం, మీ విషయంలో ‘సి కొన్సిస్తాంత్’ అనే మాటలతో, రావాలి. ఆ వెంటనే ‘సెకులోరుమ్ ఆమెన్’ అనే మాటల్లోని అచ్చులను మాత్రమే విడగొట్టి రాసిన అర్థంలేనట్టు కనిపించే ఆరు అక్షరాలు ఉండవచ్చు. స్తోత్రం ఏ స్వరంతో ముగించాలో గాయకులకు గుర్తుచేయడానికి అలా రాసేవారు. దాని తరువాత ‘ప్రొపిత్సియుస్ ఎస్తో’ అనే గీతం మొదలైతే ఇక సందేహం లేదు, అది గ్రాడ్యువలే.

పుస్తకం అంత పెద్దదిగా ఎందుకుందంటే, మనిషికో పుస్తకం ఉండేది కాదు. గాయకులందరూ ఒకే ఎత్తైన పీఠం చుట్టూ నిలబడి ఒకే పుస్తకాన్ని చూసి పాడేవారు, పైగా సగం పాటలు తెల్లవారకముందు దీపాల వెలుగులో. నాలుగు గీతల మీద స్వరాల ఎత్తు స్థిరంగా చూపించే పద్ధతి 11వ శతాబ్దంలో అరెత్సోకు చెందిన గీదో అనే సన్యాసి వల్ల వ్యాపించింది. అంతకుముందు మాటల పైన గీతలు లేకుండా వేసిన చిహ్నాలు పాట ముందే తెలిసినవాడికి జ్ఞాపకం చేయడానికే పనికివచ్చేవి. మీరు చెప్పిన చదరపు చిహ్నాలు 13వ శతాబ్దం నుంచి సర్వసాధారణం. గుండ్రటి లావు అక్షరాలు, ఎర్ర గీతలు కలిస్తే ఇటలీ వైపు చూడాలనిపిస్తుంది. గీతలు అయిదుంటే నేను స్పెయిన్ అని, బహుశా 16వ శతాబ్దం తరువాతిదని అనుమానించేదాన్ని. ఎందుకంటే అక్కడ ఇలాంటి పెద్ద పుస్తకాలను 18వ శతాబ్దంలో కూడా చర్మం మీద చేత్తో రాస్తూనే ఉన్నారు, వాటి ఆకులే నేడు ‘మధ్యయుగపు’ పేరుతో ఎక్కువగా గోడలకెక్కుతున్నాయి.

బంగారం లేదని మీరు కొంచెం నిరుత్సాహంగా రాసినట్టు తోచింది. ఏడాది పొడవునా ఉన్న ఆదివారాలన్నిటికీ బంగారం పోయడం ఏ మఠానికీ తాహతుకు తగినది కాదు. గ్రాడ్యువల్ ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) తొలి ఆదివారం ‘అద్ తే లెవావి’ పాటతో మొదలవుతుంది. ఆ మొదటి అక్షరంలో దావీదు తన ఆత్మను చిన్న శిశువు రూపంలో రెండు చేతులతో దేవుడి వైపు ఎత్తి పట్టుకున్నట్టు చిత్రించేవారు. పాస్కా (ఈస్టర్) పండుగ పాట ‘రెసుర్రెక్సి’ మొదటి అక్షరంలో సమాధి నుంచి లేస్తున్న క్రీస్తు ఉంటాడు. సుద్దమట్టి, జిగురు కలిపిన ఉబ్బెత్తు పూత మీద బంగారు రేకు అంటించి, కుక్క కోరతోనో నునుపైన రాతితోనో మెరుగుపెట్టిన అక్షరాలు ఇలాంటి పండుగలవే. మీ ఆకు పెంతెకోస్తు తరువాతి మామూలు దినాలది, అందుకు తగిన నీలం అక్షరమే దానికి దక్కింది.

ఆ పాట పైన ఎర్ర సిరాతో రాసిన శీర్షిక, పత్రం పై అంచున ఏదైనా సంఖ్య ఉన్నాయేమో దయచేసి చెప్పండి. పాటల మొదటి మాటలను వెతకడానికి ‘కాంటుస్’ అనే ఉచిత డేటాబేస్ ఉంది. అది ఆంటిఫోనరీల పాటలతో మొదలైనా ఇప్పుడు పూజ పాటలకూ పనికివస్తుంది.

మారేడ్‌పల్లి పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. భూతద్దంలో చుక్కలు లేవు. ఎర్ర తీగల్లో సిరా ముంచిన చోట్లు స్పష్టంగా తెలుస్తున్నాయి. అమ్మా, మీరు చెప్పినట్టే పాట తరువాత ‘సి కొన్సిస్తాంత్’, దాని వెనక ఆ ఆరు అక్షరాలు ఉన్నాయి. వెనకవైపు ‘ప్రొపిత్సియుస్ ఎస్తో’ మొదలవుతోంది. ‘డి’ ఉన్న వైపు పైన మధ్యలో ఎర్రటి రోమన్ అంకెల్లో 176 అని ఉంది. శీర్షికలో ‘దొమినికా’ అన్నది చదవగలిగాను, మిగిలినది అంచుతో పాటు కత్తిరించినట్టుంది. అదే వైపు కింద కుడి మూల నల్లగా, జిడ్డుగా ఉంది. వెనకవైపు మొదటి వరసల్లో కొన్నిచోట్ల చర్మం గరుకుగా ఉండి, చెరిపేసిన స్వరాల నీడలు కనిపిస్తున్నాయి. అది పాడైపోవడమా, ఎవరైనా కావాలని చేసినదా?

గన్‌ఫౌండ్రీ గాయకురాలు:

కావాలని చేసినదే అయి ఉండాలి, అది చాలా విలువైన గుర్తు. ‘ప్రొపిత్సియుస్ ఎస్తో’ వంటి గీతాల్లో ఒక్క అచ్చు మీద పదుల కొద్దీ స్వరాలు సాగుతాయి. 1545 నుంచి 1563 వరకు జరిగిన కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ తరువాత ఆ సాగతీతలు మాటల అర్థాన్ని మింగేస్తున్నాయన్న అభిప్రాయం బలపడి, 1614, 1615లలో రోములో మెదిచి ముద్రణాలయం అచ్చువేసిన గ్రాడ్యువల్లో వాటిని బాగా కుదించారు. కొత్త పెద్ద పుస్తకం రాయించుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టి చాలాచోట్ల పాత పుస్తకంలోనే అదనపు స్వరాలను కత్తితో గీకేసుకున్నారు. మీ ఆకులోనూ అదే జరిగితే ఆ పుస్తకం రాసిన తరువాత ఎన్నో తరాలపాటు, 17వ శతాబ్దం దాకా అయినా, పీఠం మీదనే ఉందన్నమాట. కుడి మూల నలుపు ఆకు తిప్పిన వేళ్లది. దయచేసి దాన్ని శుభ్రం చేయించకండి.

176 అన్న సంఖ్య ఆకుల లెక్క, పుటల లెక్క కాదు. ఆరాధన సంవత్సరం ఆగమన కాలంతో మొదలవుతుంది. అక్కడి నుంచి పాస్కాకు ముందటి తపస్సు కాలం, పాస్కా, పెంతెకోస్తు దాటి నాలుగో ఆదివారానికి రావాలంటే ఈ కొలత పుస్తకంలో దాదాపు అన్ని ఆకులు పడతాయి. పుస్తకం రెండు సంపుటాలుగా ఉండి రెండోది పాస్కాతో మొదలై ఉంటే మీ సంఖ్య వందలోపే ఉండేది. కనుక ఇది ఆదివారాలూ పండుగలూ ఒకే వరసలో ఉన్న ఒక లావుపాటి సంపుటిలోది కావచ్చునని నా ఊహ. దీని ముందున్న 175వ ఆకు, తరువాతి 177వ ఆకు ఎక్కడో ఒకచోట ఎవరి ఇంట్లోనో, ఏ విశ్వవిద్యాలయంలోనో ఉండే అవకాశం ఉంది. తరువాతి ఆకు మీద ఈ గీతపు మిగతా భాగమూ, ఆ తరువాత ‘దేయుస్ క్వి సెదెస్’ అనే అల్లెలూయ చరణమూ ఉండాలి.

మాసబ్‌ట్యాంక్ చరిత్ర (జవాబు):

ఆకు ఎందుకు విడిపోయిందన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మత ద్వేషమే ఈ పుస్తకాలను నాశనం చేసిందని మనవాళ్లు సాధారణంగా అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఆరాధన పుస్తకం వాడుక వస్తువు. వాడుక మారగానే అందులోని పాఠానికి విలువ పోయి, చర్మానికి మాత్రం విలువ మిగిలింది. జరిగిన అన్యాయంలో సగం ఆ లెక్కలోనే ఉంది.

ఇంగ్లండులో రాజు 8వ హెన్రీ 1538లో పునీతుడు (సెయింట్) తోమస్ బెకెట్ పేరును పుస్తకాల నుంచి కొట్టేయమన్నాడు. ఆ పండుగ పుటల మీద అడ్డంగా గీసిన గీతలు నేటికీ కనిపిస్తాయి. 1536 నుంచి 1540 లోపు మఠాలన్నీ మూతపడ్డాయి, 1549లో ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకం రావడంతో లాటిన్ పుస్తకాలు చెల్లకుండా పోయాయి. ఆ ఆకులను బైండింగ్ చేసేవాళ్లు కొని అట్టల లోపల అతికించుకున్నారు. స్వీడన్ కథ ఇంకా విచిత్రం. రాజు గుస్తావ్ వాసా కాలంలో దేశం కొత్త (ప్రొటెస్టంట్) మతానికి మారాక, రాజోద్యోగులు గ్రామాల పన్నుల లెక్కల చిట్టాలకు పాత పూజా పుస్తకాల ఆకులను అట్టలుగా చుట్టి స్టాక్‌హోమ్‌కు పంపారు. పన్నుల చిట్టాలను ఏ ప్రభుత్వమూ పారేయదు కాబట్టి 20 వేలకు పైగా ఆకులూ ముక్కలూ అక్కడి జాతీయ పత్రాగారంలో భద్రంగా మిగిలాయి. మధ్యయుగపు స్వీడన్ గుళ్లలో ఏం పాడేవారో నేడు తెలిసేది ఎక్కువగా ఆ అట్టల వల్లనే. మన తాలూకా కచేరీల్లో పాత దస్తావేజులు చూసినవారికి గుమాస్తాల ఈ పొదుపు కొత్తగా అనిపించదు.

కత్తిరింపులు మొదలైంది ఆ తరువాత. నెపోలియన్ సేనలు 1798లో రోములో పోపుగారి సిస్టీన్ ఆరాధనాలయపు పుస్తకాలను దోచాయి. ఇటలీ మఠాలను ఫ్రెంచి పాలనలో మూసేశారు. జర్మనీలో 1803లో, స్పెయిన్‌లో 1835, 1836లలో అదే జరిగింది. బండ్లకొద్దీ పాటల పుస్తకాలు బజారుకొచ్చాయి. మోయలేనంత బరువున్న పుస్తకాన్ని ఎవరూ కొనరు, బొమ్మ ఉన్న అక్షరాన్ని కోసి ఇస్తే అందరూ కొంటారు. లుయిజి చెలోత్తి అనే ఇటలీ గురువు అలా కోసిన సిస్టీన్ బొమ్మలను 1825 మే 26న లండన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్మాడు. ఇలాంటి కత్తిరింపులకు మాత్రమే ప్రత్యేకించిన మొదటి వేలాల్లో అదొకటి. కళల గురించి ఇంగ్లండుకు పాఠాలు చెప్పిన జాన్ రస్కిన్ అంతటివాడు 1854 జనవరి 3న తన డైరీలో, సాయంత్రం ఒక మిస్సల్‌ను కోశాననీ, కష్టమైన పని అనీ రాసుకున్నాడు. చదువురాని సైనికుడిని క్షమించవచ్చు గాని, ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

20వ శతాబ్దంలో బొమ్మలే కాదు, ఆకులు కూడా విడివిడిగా అమ్ముడయ్యాయి. ఫ్రాన్సులో 1290 ప్రాంతంలో రాసిన బోవే మిస్సల్ అనే పుస్తకాన్ని రోబేర్ ద హాంజే అనే గురువు బోవే ప్రధాన దేవాలయానికి ఇచ్చాడు. 309 ఆకులున్న ఆ సంపుటి అమెరికా పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ చేతికి వచ్చి, 1942లో న్యూయార్క్ వ్యాపారి ఫిలిప్ డష్నెస్ చేతికి పోయింది. అతడూ, క్లీవ్‌లాండ్‌కు చెందిన కళాశాల ఆచార్యుడు ఆటో ఎగే కలిసి దాన్ని ఆకులుగా విడగొట్టి అమ్మారు. లీసా ఫాగిన్ డేవిస్ అనే పండితురాలు ఏళ్ల తరబడి ఒక్కొక్క ఆకునూ వెతుకుతూ ఆ పుస్తకాన్ని కంప్యూటర్ తెర మీద మళ్లీ కూర్చుతోంది. ఇప్పటికి వందకు పైగా ఆకులు దొరికాయి. వాటిలో ఒకటి 2022లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇంటి సామాన్ల అమ్మకంలో 75 డాలర్లకు ఒక యువకుడి చేతికి చిక్కింది. మారేడ్‌పల్లివారు తమ ఆకును సామాన్యమైనదని అనుకోకుండా ఈ చర్చలో పెట్టడం మంచిదనడానికి అదే కారణం.

హిమాయత్‌నగర్ నాణేలు:

చరిత్ర గారు ఎగేను మరీ దుర్మార్గుడిగా చూపించారు. ఆయన 50 వేర్వేరు రాతప్రతుల నుంచి ఒక్కో ఆకు చొప్పున తీసి 40 పెట్టెలుగా కూర్చడం వల్లనే అమెరికాలోని చిన్న ఊళ్ల గ్రంథాలయాల విద్యార్థులు అసలు పార్చ్‌మెంట్‌ను కళ్లతో చూడగలిగారు. పుస్తకం మొత్తంగా ఉంటే ఏ కోటీశ్వరుడి బీరువాలోనో ఉండేది; ఆకులుగా విడిపోయింది కాబట్టే మిలాన్‌లో ఉద్యోగం చేసిన ఒక తెలుగు పెద్దమనిషి కొనగలిగారు, ఈ రోజు మనం దాని గురించి మాట్లాడుకుంటున్నాం. నాణేలు సేకరించేవాడిగా నేను దీన్ని పూర్తిగా తప్పు అనలేను.

మాసబ్‌ట్యాంక్ చరిత్ర:

మీ వాదన ఎగే స్వయంగా చేసినదే. 1938లో రాసిన వ్యాసంలో ఆయన తాను పుస్తక విధ్వంసకుడినని ఒప్పుకుంటూనే, సామాన్యులకు అసలైన ఆకు దక్కాలన్న కోరికతో దాన్ని సమర్థించుకున్నాడు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. నాణెం దానంతట అది పూర్తి వస్తువు, నిధిలోంచి ఒకటి తీసినా దాని మీది శాసనం చదవగలం. ఆకు అలా కాదు. గన్‌ఫౌండ్రీవారు 176 అన్న అంకె ఆధారంగా ఎంత ఊహించాల్సి వచ్చిందో చూడండి. పుస్తకం కట్టు విడకుండా ఉంటే చివర్లో ఉండే పునీతుల పండుగల వరస చూసి ఏ ఊరి గుడిదో, ఏ మఠ సంప్రదాయానిదో గంటలో చెప్పేసేవారు. స్థానిక పునీతుడి పండుగను పెద్ద అక్షరంతో రాసిన ఒక్క పుట చాలు, ఊరు తెలిసిపోతుంది. ఆదివారపు పాట మాత్రం రోము నుంచి స్వీడన్ వరకు దాదాపు ఒకటే. అందుకే మారేడ్‌పల్లివారి ఆకు తన ఊరేదో తాను చెప్పుకోలేకపోతోంది. మధ్యలో కొన్నవారిని ఎవరూ తప్పుపట్టడం లేదు, విడగొట్టినవాడి లెక్క వేరు.

తార్నాక తాళపత్రం:

ఆ వాదన అలా ఉంచి, ఆకు ప్రస్తుత క్షేమం గురించి రాస్తాను. చర్మం ఎంత పాతదైనా గాలిలోని చెమ్మను పీల్చుకోవడం మానదు. మన ఊళ్లో ఏప్రిల్‌లో గాలి పొడిబారి చర్మం ముడుచుకుంటుంది, జూలైలో చెమ్మకు ఉబ్బుతుంది. రంగు మాత్రం చర్మంతో పాటు సాగదు, ముడుచుకోదు. మీ నీలం అక్షరం పెచ్చులూడేది అలాగే. ఏసీ ఉన్న గదిలో పెడితే మేలు అనుకుంటారు గాని, రాత్రి వేసి పగలు ఆపే ఏసీ అదే ఉబ్బు, ముడతలను రోజూ జరిపిస్తుంది. వానకు తడిసే బయటి గోడ కాకుండా ఇంటి లోపలి గోడకు ఆనుకున్న చెక్క బీరువాలో, నేలకు ఎత్తుగా, పరుపులా పరచి ఉంచడం అన్నిటికంటే మంచిది.

పటం మళ్లీ కట్టించాలనుకుంటే బజారులోని పటాల దుకాణానికి నేరుగా ఇవ్వవద్దు. అక్కడ మామూలుగా వాడే అట్టలో ఆమ్లం ఉంటుంది, పత్రాన్ని జిగురుతో అట్టకు అంటిస్తారు, అద్దాన్ని రాత మీదకే నొక్కుతారు. ఆమ్లం లేని అట్ట, అద్దానికీ పత్రానికీ మధ్య ఎడం ఉండేలా కిటికీ కోసిన రెండో అట్ట, పత్రం అంచులను స్వేచ్ఛగా కదలనిచ్చే సన్నని జపాను కాగితపు పట్టీలు కావాలి. ఎండపొద్దు తగలకూడదు. లామినేషన్, సెల్లోటేపు, తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె, వీటిలో ఏదైనా సరే మళ్లీ సరిచేయలేని నష్టం చేస్తుంది. ముడతలు పడిన చోట వాటంతట అవి సర్దుకునేదాకా బరువు కూడా పెట్టవద్దు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ప్రయోగశాల ఉంది, ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ రాతప్రతులు తెలిసినవారు ఉంటారు. అక్కడి ప్రధాన సంపద అరబ్బీ, ఫారసీ, ఉర్దూ, తెలుగు, సంస్కృత ప్రతులే అయినా, వేలాది ఆకులను చేతులతో పట్టుకున్న మనిషి సలహా మీకు ఉపయోగపడుతుంది.

చట్టం గురించి కూడా ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది. విదేశంలో ఉన్న పిల్లలకు ఎప్పుడైనా దీన్ని పంపాలనిపిస్తే అనుమతి విచారించకుండా సూట్‌కేసులో పెట్టుకుని బయలుదేరకూడదు. మీ మేనమామగారి కొనుగోలు రసీదు గాని, ఆనాటి ఉత్తరం గాని, పటం వెనక అంటించిన దుకాణపు చీటీ గాని ఉంటే పారేయకండి. ఇటలీ గుళ్ల నుంచి పాటల పుస్తకాలు దొంగతనానికి గురైన సందర్భాలున్నాయి కాబట్టి అక్కడి పోలీసుల్లో 1969లో ఏర్పడిన సాంస్కృతిక సంపద రక్షణ విభాగం పోయిన వస్తువుల జాబితాను నెట్‌లో పెట్టింది. మీ ఆకు అందులో లేదని ఒకసారి చూసుకుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుంది.

తోబుట్టువుల లాంటి ఆకులను వెతకడానికి మాత్రం కొలతలు కావాలి. పత్రం అంచులు కత్తిరించి ఉన్నాయి కాబట్టి మొత్తం ఎత్తు అంతగా పనికిరాదు. రాత ఉన్న భాగం ఎత్తూ వెడల్పూ, పుటకు ఎన్ని గీతల వరసలున్నాయో, ఒక్కో వరసలో పై గీత నుంచి కింది గీతకు ఎన్ని మిల్లీమీటర్లో కొలవండి. రాయసగాడు పుస్తకమంతా ఒకే కొలతతో గీతలు గీస్తాడు కాబట్టి ఒకే పుస్తకపు ఆకులు ఆ మిల్లీమీటర్ల దగ్గరే కలుస్తాయి. పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి, ‘డి’ అక్షరానికి దగ్గరగా విడిగా ఒకటి కావాలి. స్విట్జర్లాండులోని ఫ్రిబూర్ నుంచి నడిచే ‘ఫ్రాగ్మెంటారియుమ్’ అనే వేదిక ఇలాంటి విడి ఆకులనూ ముక్కలనూ ఒకచోట చేర్చడానికే ఉంది. ముందు ఆ ఫొటోలూ కొలతలూ ఇక్కడ పెడితే, ఎవరికి ఎలా రాయాలో గన్‌ఫౌండ్రీవారూ నేనూ కలిసి చూస్తాం.